చిన్న అంకె

కూరగాయల మార్కెట్టులోకి ముల్లు మేస్త్రి అడుగుపెట్టాడంటే కొందరు వ్యాపారులకు నవ్వొచ్చేది, కొందరికి చెమటలు పట్టేవి. కాటాలు బాగుచెయ్యడం ఆయన వృత్తి. త్రాసు ముల్లు వెంట్రుకవాసి ఒరిగినా దూరంనుంచే పట్టేస్తాడని ఆ పేరు పెట్టారు. మాట కూడా గుచ్చుకునే రకం కావడంతో అదే ఖాయమైపోయింది. అసలు పేరు ఆయన భార్యకైనా గుర్తుందో లేదో అనుమానమే.

ఆ ఉదయం ఆయన ఉల్లిపాయల కొట్టు ముందు ఆగి, అక్కడి కాటాను కాసేపు తేరిపార చూశాడు.

"ఏమయ్యా, నీ కాటా ఉల్లిపాయల మీద బాగా మోజుపడ్డట్టుందే! కాయ పడీపడకముందే పళ్ళెం కిందికి పోతోంది" అంటూ పళ్ళెం అడుగున చెయ్యి పెట్టి తడిమి, గోళీకాయంత అయస్కాంతాన్ని ఊడబెరికి అందరికీ చూపించాడు. కొట్టువాడు నాలుక కరుచుకున్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు గొల్లుమన్నారు.

ఆ నవ్వులు ఆగేలోపే వెనకాల దబ్బున చప్పుడైంది. పనిముట్లూ తూనికరాళ్ళూ ఉన్న సంచిని మేస్త్రి భార్య నేలమీదకు దించి, దాని పక్కనే మెట్టు మీద కూలబడింది.

"మళ్ళీ కూర్చున్నావా?" అన్నాడు మేస్త్రి.

"ఒక్క నిమిషమండీ. కాస్త ఊపిరి తీసుకుని లేస్తాను."

"పొద్దున్నించీ నువ్వు తీసుకున్న ఊపిరితో బెలూన్ల కొట్టు పెట్టుకోవచ్చు."

మళ్ళీ అందరూ నవ్వారు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఆమె కూడా నవ్వింది. ఈమధ్య నవ్వినప్పుడల్లా ఆమె చెయ్యి నోటిమీదికి ఎందుకు వెళుతోందో మేస్త్రి అడగలేదు. ముంజేతుల మీద అక్కడక్కడా కమిలిన మచ్చలు కనిపించినా, సంచి ఒరుసుకుని ఉంటుందిలే అనుకున్నాడు. ఒక్క మేస్త్రిని అనుకుని ఏం లాభం? ఇంట్లో ఆడమనిషి అలిసిపోయానంటే దాన్ని పట్టించుకోవడం మనలో చాలామందికి అలవాటు లేదు. జ్వరమైతే ఒంటిమీద చెయ్యి వేసి చూస్తాం, అలసటైతే ఒక ఛలోక్తి విసిరి ఊరుకుంటాం.

అంత బరువు సంచి ఆమె భుజం మీదికి ఎలా వచ్చిందో చెప్పాలి. నిజానికి ఆమె పని మార్కెట్టు వెనక గోదాములో గోనెసంచులు కుట్టడం. ముప్పై ఏళ్ళుగా ఆ కాటాల సంచిని మేస్త్రి తప్ప ఇంకొకరు ముట్టుకున్నది లేదు.

కొన్ని నెలల కిందట మార్కెట్టులో వైద్య శిబిరం పెట్టారు. రక్తం పరీక్ష చేస్తామంటే మేస్త్రి సరదాగా వెళ్ళి చెయ్యి చాపాడు, పెళ్ళాన్ని కూడా లాక్కెళ్ళాడు. ఇద్దరికీ హెపటైటిస్ సి ఉందని తేలింది. ఏ నొప్పీ చూపించకుండా ఏళ్ళ తరబడి కాలేయాన్ని దెబ్బతీసే వైరస్ అది. తర్వాత రక్తంలో ఆ వైరస్ ఎంతుందో లెక్కగట్టే ఇంకో పరీక్ష చేశారు. మేస్త్రి అంకె ముప్పై లక్షలు దాటింది. ఆమెది నలభై వేల దగ్గర ఆగింది.

ఇంకెవరైనా అయితే ఆ కాగితాలు పట్టుకుని డాక్టరు దగ్గరికి పరుగెత్తేవారు. మేస్త్రికి ముందు పరీక్ష చేసినవాళ్ళ మీదే అనుమానం వచ్చింది. ఒక కాటా చెప్పిన తూకాన్ని రెండో కాటా మీద వేసి చూడందే నమ్మని మనిషాయె. మొదటి పరీక్ష సంగతి పైకి పొక్కనివ్వకుండా, భార్యను వెంటబెట్టుకుని ఊరి రెండో చివర ఉన్న ఇంకో లాబొరేటరీలో ఇద్దరి రక్తమూ ఇప్పించాడు. అంకెలు కాస్త అటూ ఇటూగా వచ్చాయి. అయినా ఆయనది లక్షల్లోనే ఉంది, ఆమెది వేలల్లోనే ఉంది.

"కాటా నికార్సైనదే" అన్నాడు మేస్త్రి, గంభీరంగా తల పంకిస్తూ. "నాకు ముదిరింది. నీకు ఇంకా అంటీ అంటనట్టు ఉంది. అదృష్టవంతురాలివి."

ఆ రోజునుంచి ఇంట్లో అన్నీ ఆ అంకెల ప్రకారమే నడిచాయి. గాలి వచ్చే కిటికీ పక్క మంచం ఆయనకు దక్కింది. పాలూ పళ్ళూ ఆయనకే దక్కాయి. "మీరు బరువులెత్తకండి, నేను మోస్తాను" అని సంచిని ముందు అడిగి తీసుకున్నది ఆమే. వద్దనడానికి ఆయన నోరు తెరవలేదు. పైగా మార్కెట్టులో ఈ జబ్బు విషయంలో ఆయనే పెద్ద దిక్కయ్యాడు. శిబిరంలో ఉల్లిపాయల కొట్టువాడికి కూడా వైరస్ ఉందని తేలితే, వాడు తన కాగితం తెచ్చి మేస్త్రికే చూపించాడు.

"నీది వేలల్లోనే ఉంది కదయ్యా. నన్ను చూడు, లక్షలు పెట్టుకుని తిరుగుతున్నాను. పో, నీకేం కాదు" అని మేస్త్రి తీర్పు చెప్పాడు. కొట్టువాడు ఆ కాగితాన్ని గల్లాపెట్టె అడుగున పడేసి నిశ్చింతగా ఉండిపోయాడు.

ఒక్క బావమరిది మాత్రం నిశ్చింతగా ఉండలేకపోయాడు. అతను బస్సు కండక్టరు. చిరిగిన నోట్లు మడిచి అంటగట్టే మనుషుల్ని రోజూ చూసి చూసి అతనికీ అనుమానం వంటబట్టింది.

"పెద్ద అంకె నీది బావా. అంటే ముందు నీకే వచ్చింది. మా అక్కకి నువ్వే అంటించావు. ఎక్కడినుంచి తెచ్చావో చెప్పు."

"టిక్కెట్లు చింపుకునేవాడివి, నాకు తూకం నేర్పిస్తున్నావా? మీ అక్క కాన్పుకి ఎవరి రక్తం ఎక్కించారో వెళ్ళి కనుక్కో ముందు."

"చూశావా అక్కా, మాట ఎలా తిప్పుతున్నాడో!"

"ఇద్దరూ నోరు మూసుకుని టీ తాగండి" అంది ఆమె. ఇద్దరూ నోరు మూసుకున్నారు కానీ ఎవరి అనుమానం వాళ్ళ దగ్గరే ఉండిపోయింది. అక్కను ఏదో మోసం చేశాడని కండక్టరు అనుకున్నాడు. పాతికేళ్ళు కాపురం చేసిన మనిషి తనతో చెప్పని సంగతి ఏదైనా ఉందేమోనని మేస్త్రి అనుకున్నాడు.

చివరికి ఇద్దరూ వెళ్ళిన ఆసుపత్రిలో ఈ జబ్బు చూసే డాక్టరమ్మ మితభాషి. వైరస్ అంకెలున్న కాగితాలను మేస్త్రి గర్వంగా ముందుకు తోస్తే, వాటిమీద ఒక చూపు వేసి పక్కన పెట్టేసింది. అదే ఆయనకు మొదట నచ్చలేదు. ఆవిడ మళ్ళీ ఇద్దరికీ మామూలు రక్తపరీక్షలు రాసింది. అవి వచ్చాక మేస్త్రి భార్య కాగితాన్ని మాత్రం డాక్టరమ్మ చాలాసేపు చూసింది.

"అమ్మా, మీకు కాలేయం గట్టితనం కొలిచే స్కాన్ చెయ్యాలి. ఆ యంత్రం మా దగ్గరికి వారంలో ఒక్కరోజే వస్తుంది. వచ్చే వారం మీరు రండి. మేస్త్రిగారికి ఆ తర్వాత చూద్దాం."

మేస్త్రి కనుబొమలు ముడిపడ్డాయి. "తమరేదో పొరబడినట్టున్నారు డాక్టరమ్మా. ముప్పై లక్షలు నావి."

"తెలుసండీ. అయినా ముందు ఆవిడే."

ఇంతలో స్కాన్ చీటీ మీద ముద్ర వేయించుకు రమ్మని ఆయన్ని పక్కగదికి పంపారు. తిరిగి వచ్చేసరికి తలుపు ఓరగా ఉంది. లోపల భార్య రెండు చేతులూ జోడించి డాక్టరమ్మతో ఏదో గొంతు తగ్గించి చెబుతోంది. డాక్టరమ్మ తల అడ్డంగా ఊపుతోంది. ఆయన అడుగుల చప్పుడు వినగానే ఇద్దరూ మాట ఆపేశారు.

దారిలో అడిగాడు. "ఏంటి, డాక్టరమ్మతో గుసగుసలు?"

"ఏం లేదండీ."

"ఏం లేనిదానికి దణ్ణం పెడతారా ఎవరైనా?"

ఆమె పైట సర్దుకుని ముందుకు నడిచింది. ఆయన మనసులో ఇక ముల్లు కుదురుగా నిలవలేదు. చిన్న అంకె ఉన్న మనిషికి అంత తొందరేమిటి? పెద్ద అంకె ఉన్నవాణ్ణి పక్కన పెట్టడమేమిటి? వీళ్ళిద్దరి మధ్యా ఏదో మతలబు ఉంది. ఆ పాత రక్తం సంగతేదో బయటపడి ఉంటుంది, తనకు తెలియకుండా దాచిపెడుతున్నారు. లేదంటే ఆ యంత్రం మీద ఆసుపత్రికి ఏదో గిట్టుబాటు ఉండి ఉంటుంది. ఆ వారమంతా తాగిన ప్రతి టీలోనూ ఆయనకు అనుమానమే తగిలింది.

స్కాన్ రోజున ఇద్దరూ ఖాళీ కడుపుతో ఆసుపత్రికి వెళ్ళారు. వరండాలో బెంచీల నిండా జనం. మేస్త్రి భార్య పేరు పిలిచేసరికి ఆమె గోడకు తల ఆనించి కళ్ళు మూసుకుని ఉంది. మేస్త్రి లేచాడు.

"నువ్వు కూర్చో. నేను వెళ్తాను."

"వెళ్ళండి, వెళ్ళండి. నేనూ అదే అనుకుంటున్నాను" అంది ఆమె, ఒక పెద్ద భారం దిగినట్టుగా. అంత తేలిగ్గా ఒప్పుకోవడం కూడా ఆయనకు అనుమానంగానే తోచింది.

లోపల యంత్రం దగ్గర ఉన్నావిడతో, తన భార్యకు ఒంట్లో బాగోలేక రాలేదనీ, ఆమె వంతులో తనను చూడమనీ అబద్ధమాడాడు. కుడి చెయ్యి తలకిందికి పెట్టించి, పక్కటెముకల మధ్య ఒక గొట్టం ఆనించి మీట నొక్కారు. వేలితో టక్కున కొట్టినట్టు తగిలింది. మళ్ళీ మళ్ళీ అలాగే కొలిచి చివరికి తెరమీద అంకె చూపించారు. అయిదు.

"అయిదంటే?"

"మెత్తగా ఉంది. మీ కాలేయం బాగుందండీ."

ఇంకొకడైతే ఎగిరి గంతేసేవాడు. మేస్త్రి మంచం మీద లేచి కూర్చుని గట్టిగా అరిచాడు. "ముప్పై లక్షలు మోస్తున్నవాణ్ణి, నాకు అయిదు చూపిస్తుందా? తప్పుడు కాటా! దీనిమీద ఎంతమందిని తూచి పంపించారు?"

ఆ కేకలకు డాక్టరమ్మ పక్కగదిలోంచి వచ్చింది. "ఇది మీ వంతు కాదే. మీ ఆవిడ ఏరీ?"

"బయటే ఉంది. ముందు మీ యంత్రం సంగతి తేలాలి" అన్నాడు మేస్త్రి. అబద్ధం బయటపడిందన్న స్పృహ కూడా లేదు. "కాటా మీద అనుమానమొస్తే నేనేం చేస్తానో తెలుసా డాక్టరమ్మా? పెద్ద రాయి తీసి చిన్న రాయి వేస్తాను. చిన్నరాయి వేశాక మళ్ళీ పెద్ద రాయి వేస్తాను. మూడుసార్లలో దాని బండారం బయటపడుతుంది. మా ఆవిడది చిన్న అంకె. ఆమెను పడుకోబెట్టండి. మీ యంత్రం మంచిదే అయితే అయిదు కన్నా తక్కువ చూపించాలి."

డాక్టరమ్మ ఆయన వంక ఒక్క క్షణం చూసింది. "సరే, పిలవండి ఆవిణ్ణి" అంది.

భార్య వచ్చి పడుకుంది. మేస్త్రి తెర ముందు చేతులు కట్టుకుని, అయస్కాంతం కోసం వెతికే కళ్ళతో నిలబడ్డాడు. టక్కుమంది. పంతొమ్మిది. మళ్ళీ టక్కుమంది. ఇరవై. తర్వాత పద్ధెనిమిది, మళ్ళీ పంతొమ్మిది.

"గొట్టం సరిగా ఆనలేదేమో" అన్నాడు మేస్త్రి. గొంతులో ఇందాకటి జోరు లేదు. సరిచేసి ఆనించారు. పంతొమ్మిది.

"మళ్ళీ నన్ను చూడండి."

డాక్టరమ్మ కాదనలేదు. ఆయన పడుకున్నాడు. అయిదు. పెద్ద రాయి, చిన్న రాయి, మళ్ళీ పెద్ద రాయి అయ్యాయి. కాటాలో ఏ దోషమూ దొరకలేదు. మేస్త్రికి జీవితంలో మొదటిసారి, కాటా తప్పుదైతే బాగుండునని అనిపించింది.

డాక్టరమ్మ ఇద్దరినీ తన గదిలో కూర్చోబెట్టింది. "అమ్మా, మీ కాలేయం చాలావరకు మచ్చలు కట్టి గట్టిపడింది. ఇప్పటికింకా తన పని తాను చేసుకుంటూనే ఉంది. ఇంకో రెండేళ్ళు ఇలాగే వదిలేసి ఉంటే ఏమయ్యేదో నేను చెప్పలేను."

మేస్త్రి మొహం పాలిపోయింది. మనిషి మునిగిపోతూ దొరికినదాన్ని పట్టుకున్నట్టు, మిగిలిన ఒక్క అనుమానాన్నీ పట్టుకున్నాడు. "ఇది మీకు ముందే తెలుసు. మీ ఇద్దరికీ తెలుసు. మొన్న గుసగుసలాడుకున్నది ఇదేగా? నాకెందుకు చెప్పలేదు?"

డాక్టరమ్మ ఆమె వైపు చూసింది. ఆమె తల వంచుకుంది.

"నేను చెప్పమంటారా అమ్మా?"

"నేనే చెబుతాను" అంది ఆమె. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోబోయి, మానేసింది. చిగుళ్ళ అంచున సన్నని నెత్తుటి చార కనిపించింది. "మీది పెద్ద అంకె కదండీ. మీరేమైపోతారోనని నాకు రాత్రులు నిద్ర పట్టేది కాదు. నా వంతు మీకిచ్చేసి ముందు మీకు వైద్యం చెయ్యమని డాక్టరమ్మను బతిమాలాను. చిగుళ్ళలోంచి రక్తం వస్తోందని చెబితే మీరు మీ జబ్బు వదిలేసి నా వెంట పడతారని దాచిపెట్టాను. అంతకుమించి ఏం లేదు."

ఈ మనిషినా తాను అనుమానించింది అనుకున్నాడు మేస్త్రి. కిటికీ పక్క మంచం, పాలు, పళ్ళు, ఇనపరాళ్ళ సంచి అన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చి, సిగ్గుతో చితికిపోయాడు. కళ్ళనీళ్ళు తిరిగాయి. వాటిని దాచుకోవాలని కూడా ఆయనకు తోచలేదు.

"ఆ అంకె నిజమే కదా డాక్టరమ్మా?" అన్నాడు చివరికి. "రెండు చోట్ల చూపించానే!"

"నిజమే. మీరు దాన్ని రెండుసార్లు సరిచూసుకున్నారు. అది దేన్ని తూచిందో మాత్రం అడగలేదు" అంది డాక్టరమ్మ. మితభాషి అయినా, ఆ రోజు ఓపిగ్గా విడమరిచి చెప్పింది. "అది మీ రక్తంలో తిరిగే వైరస్‌ను లెక్కపెట్టింది. ఒంట్లో వైరస్ ఉందా లేదా, మందు వేశాక పోయిందా అని తెలుసుకోవడానికి మాకది కావాలి. కాలేయం ఎంత దెబ్బతిందో దానికి తెలియదు. లక్షలున్నా కాలేయం మెత్తగా ఉన్నవాళ్ళుంటారు, వేలల్లోనే ఉన్నా గట్టిపడిపోయినవాళ్ళుంటారు. వైరస్ ఒంట్లో ఎన్నేళ్ళనుంచి ఉంది, మనిషి తాగుతాడా, చక్కెర జబ్బు ఉందా, ఇలాంటివన్నీ కలిసి కాలేయాన్ని దెబ్బతీస్తాయి. మీ ఆవిడకు చక్కెర ఉన్నట్టు మొన్నటి రక్తపరీక్షలో తేలింది. ఆ వైరస్ కూడా కాన్పులో రక్తం ఎక్కించిన నాటినుంచే ఉండి ఉండొచ్చు. ఆ అలసట, చేతుల మీద కమిలిన మచ్చలు, చిగుళ్ళ నెత్తురు, అన్నీ కాలేయం దెబ్బతిన్న గుర్తులే."

"మరి ఎవరు ఎవరికి..." అని నసిగాడు మేస్త్రి.

"అది కూడా ఈ అంకె చెప్పదు. ఒక కంచంలో తింటేనో, ఒక గ్లాసుతో తాగితేనో వచ్చేది కాదిది, రక్తంనుంచి రక్తానికి పోతుంది. ఇద్దరికీ వేరువేరు దారుల్లో వచ్చి ఉండొచ్చు. నేరస్తుణ్ణి వెతకడం మానెయ్యండి. ఇద్దరికీ మాత్రలు మొదలుపెడుతున్నాను. మూడు నెలలు మానకుండా వేసుకుంటే దాదాపు అందరికీ వైరస్ పోతుంది. ఆమె మాత్రం అది పోయాక కూడా ఆరునెలలకోసారి వచ్చి కాలేయం చూపించుకోవాలి. ఆ రాకపోకలు తప్పించారో, అప్పుడు మిమ్మల్ని నేను అనుమానిస్తాను మేస్త్రిగారూ."

మేస్త్రి భార్య నవ్వింది. ఈసారి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోలేదు.

మర్నాడు మార్కెట్టులో ముల్లు మేస్త్రి వంగిన భుజం మీద సంచితో వచ్చాడు. వెనక భార్య లేదు. ఆమె ఇంట్లో కిటికీ పక్క మంచం మీద పడుకుని ఉంది, తమ్ముడు సెలవు పెట్టి దగ్గర కూర్చున్నాడు. ఉల్లిపాయల కొట్టువాడు మేస్త్రిని చూడగానే గాభరాగా కాటా పళ్ళెం ఎత్తి, అడుగు భాగం తనే తిప్పి చూపించాడు.

"చూసుకో మేస్త్రీ, ఏం లేదు! ఒట్టు!"

"నీ కాటాతో పనిలేదయ్యా ఇవాళ. నీ గల్లాపెట్టెలో రక్తపరీక్ష కాగితం ఉండాలి, తియ్యి."

"అదెందుకిప్పుడు? చిన్న అంకె, నాకేం కాదన్నావుగా?"

మేస్త్రి సంచిని దించి, ఆ రోజు తన భార్య కూలబడిన మెట్టు మీదే కూర్చున్నాడు. బేరాలు ఆపి పక్క కొట్లవాళ్ళు కూడా దగ్గరికి వచ్చారు. మేస్త్రి ఇంకో ఛలోక్తి విసురుతాడనుకున్నారు.

"అన్నాను. తప్పు తూకం వేశాను. నీకు వేసిన తూకమే మా ఇంట్లో దానికీ వేశాను. అయిదు నెలలు దానిచేత ఇనపరాళ్ళు మోయించాను. నీ పళ్ళెం కింద అయస్కాంతం పట్టుకున్నందుకు అందరూ నవ్వారు కదా! నాలాంటివాణ్ణి పట్టుకునేవాళ్ళు లేకపోయారు."

ఎవరూ నవ్వలేదు. కొట్టువాడు గల్లాపెట్టె అడుగునుంచి నలిగిపోయిన కాగితాన్ని బయటికి తీశాడు.

"కొట్టు నేను చూసుకుంటాను, నువ్వు ఆసుపత్రికి బయల్దేరు" అన్నాడు మేస్త్రి, కాటా ముందుకు జరిగి కూర్చుంటూ. "వెళ్ళి కాలేయాన్ని చూపించుకో. రక్తంలో వైరస్ ఎంతుందో ఆ అంకె చెబుతుంది, లోపల కాలేయం ఎంత దెబ్బతిందో చెప్పదు. అంకె చిన్నదని ఎవరూ నిర్లక్ష్యం చెయ్యకండి, ఇంట్లో మనిషి అలిసిపోయానంటే నమ్మండి."